బేటన్ రూజ్ అవే గేమ్‌కి పన్నెండు మందితో వెళ్లాలంటే: మూడుసార్లు వెళ్లొచ్చినవాడి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. హ్యూస్టన్ నుంచి పన్నెండు మంది, ఎక్కువమంది టెక్సస్ ఏ అండ్ ఎంలో ఎమ్మెస్ చేసినవాళ్లే, కొందరు భార్యాపిల్లలతో వస్తామంటున్నారు, లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ)తో వాళ్ల ఊరు బేటన్ రూజ్‌లో మన ఏ అండ్ ఎం ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లాలి. హోటల్ ముందు బుక్ చేయాలా టికెట్లు ముందు కొనాలా అన్నది ఒకటి, ఇండియా నుంచి వచ్చిన మీ అత్తామామల్ని కూడా తీసుకెళ్లొచ్చా అన్నది ఇంకోటి. నేను 2021లో, 2023లో, 2025లో ఆ ఊరికి గ్యాంగుల్ని వేసుకుని వెళ్లొచ్చాను. రెండుసార్లు ఓడిపోయి తిరిగొచ్చాం, మూడోసారి గెలిచాం. గెలిచినా ఓడినా తలనొప్పులు మాత్రం ఒకలాంటివే వచ్చాయి, అందుకని వాటి గురించే ఎక్కువ రాస్తున్నా.

హోటలూ కాదు, టికెట్లూ కాదు. ముందు డబ్బులు వసూలు చెయ్.

వాట్సాప్ గ్రూపులో పోల్ పెడితే అందరూ చెయ్యెత్తుతారు. దాన్ని నమ్మి రూములు తీసుకున్నావో, నీ పని అయిపోయినట్టే. 2021లో నేను సరిగ్గా అదే చేశా. పద్నాలుగు మంది సై అన్నారు, ఏడు రూములు తీసుకున్నా, వెళ్లాల్సిన వారం వచ్చేసరికి తొమ్మిది మంది మిగిలారు. ఒకడికి ప్రొడక్షన్ రిలీజ్ పడింది, ఇంకొకళ్ల ఇంట్లో సీమంతం, మరొకతనైతే అసలు తేదీ ఎప్పుడు ఖాయం చేశారని నన్నే అడిగాడు. క్యాన్సిల్ చేసే గడువు అప్పటికే దాటిపోయింది. రెండు రూముల డబ్బు నా కార్డు మీదే పడింది, అడిగితే బాగోదు, అడక్కపోతే కడుపుమంట, నెల రోజులు అలాగే తిరిగా. అందుకే 2023 నుంచి పద్ధతి మార్చేశా. ఫలానా తేదీలోపు తలా 200 డాలర్లు జెల్ యాప్‌లో పంపాలి, ఆ తర్వాత మానుకుంటే వెనక్కి రావు, తన బదులు ఇంకొకర్ని తెచ్చుకుంటే ఆ లెక్క వాళ్లిద్దరూ చూసుకోవాలి. ఇదే మెసేజ్ రాసి గ్రూపులో పిన్ చేశా. పోల్‌లో పదహారు మంది ఉన్నారు, డబ్బు పంపింది పది మంది, చివరికి వచ్చిందీ ఆ పది మందే. మొహమాటం వద్దు. మీ పన్నెండు మందిలో ఎంతమంది నిజంగా వస్తున్నారో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పోల్ లేదు. ఖర్చులన్నీ వాటాలు లెక్కేసే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో పెట్టు, కానీ దాన్ని రాసే బాధ్యత నీకు కాకుండా ఇంకొకరికి ఇవ్వు, ప్లాన్ చేసేవాడే పద్దు రాస్తే అందరి కోపం ఒక్కడి మీదకే వస్తుంది.

డబ్బు చేతికొచ్చాక బస. ఎస్‌ఈసీ (ఈ రెండు జట్లూ ఆడే కాలేజీ లీగ్) వాళ్లు తేదీలు ప్రకటించిన రోజే రూముల రేట్లు పైకి వెళ్తాయి, చాలా హోటళ్లు గేమ్ వీకెండ్‌లో రెండు రాత్రులు కలిపి తీసుకుంటేనే ఇస్తామంటాయి. కాబట్టి ఆ రోజే, పూర్తిగా క్యాన్సిల్ చేసుకోగలిగేది చూసి పట్టుకో, తర్వాత తీరిగ్గా మంచిది వెతుక్కోవచ్చు. ఎనిమిది మంది దాటితే నేనైతే ఇల్లే అద్దెకి తీసుకుంటా, కిచెన్ ఉంటుంది, రాత్రి అందరూ ఒకచోట కూర్చోవచ్చు, పిల్లలు నిద్రపోతుంటే కారిడార్‌లో నిలబడి గుసగుసలాడే బాధ ఉండదు. క్యాన్సిలేషన్ షరతులు మాత్రం హోటల్ కంటే ఇంటికే కఠినంగా ఉంటాయి, సంతకం పెట్టేముందు ఆ ఒక్క పేరా చదువు.

ఊళ్లో దొరక్కపోతే చుట్టుపక్కల చూడు. తూర్పున డెన్హామ్ స్ప్రింగ్స్, న్యూ ఆర్లీన్స్ వైపు గొంజాలెస్, మిసిసిపీ నది ఇవతల పోర్ట్ ఎలెన్. లఫాయెట్‌లో చవగ్గా దొరుకుతుందని కొందరు చెప్తారు, నేను మాత్రం వద్దంటా. అక్కడికీ స్టేడియానికీ దాదాపు 60 మైళ్లు, మధ్యలో అచాఫలాయా చిత్తడినేల మీద 18 మైళ్ల వంతెన ఉంది. నైట్ గేమ్ అయ్యాక అర్ధరాత్రి దాని మీద బండి నడపడం కంటే ఇంకో 80 డాలర్లు పెట్టుకోవడం నయం.

ఇక కిక్‌ఆఫ్ టైమ్, అంటే ఆట మొదలయ్యే గంట సంగతి. దీని దగ్గరే చాలామంది బోల్తాపడతారు. తేదీ నెలల ముందే తెలుస్తుంది, గంట మాత్రం తెలియదు. టీవీ వాళ్లు ఏ మ్యాచ్ ఏ స్లాట్‌లో వేసుకోవాలో చూసుకుని చాలాసార్లు 12 రోజుల ముందు, ఒక్కోసారి 6 రోజుల ముందు మాత్రమే చెప్తారు. 2024 నుంచి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, అటూఇటూ మారగలిగేది అని నాలుగు రకాల టైమ్ విండోలు ముందే ఇస్తున్నారు, కాస్త నయం, అయినా కచ్చితమైన గంట కాదు. 2023లో మా వాళ్లందరికీ నేను చెప్పిందేమిటంటే, డెత్ వ్యాలీలో (ఎల్‌ఎస్‌యూ స్టేడియం ముద్దుపేరు) శనివారం రాత్రి, లైట్ల కింద లక్షమంది అరుస్తుంటే చూడాలి అని. తీరా థాంక్స్‌గివింగ్ వారాంతం, పొద్దున 11 గంటలకి ఆట పెట్టారు. శనివారం తెల్లవారుజామున బయల్దేరదాం అనుకున్న రెండు కుటుంబాలు శుక్రవారం రాత్రికి రాత్రే రావాల్సొచ్చింది, టెయిల్‌గేట్ (ఆటకి ముందు స్టేడియం బయట టెంట్లేసుకుని చేసుకునే విందు) అనుకున్నదంతా పార్కింగ్‌లో నిలబడి తాగిన కాఫీ అయింది. ఆ ఆట 42-30తో ఓడాం, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్ మా డిఫెన్స్‌ని ఆడుకున్నాడు, తర్వాత అతనికే ఆ ఏటి ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ అవార్డు వచ్చింది, అది వేరే విషయం. చెప్పేదేంటంటే, శుక్రవారం రాత్రికల్లా అందరూ ఆ ఊళ్లో ఉండేలా, ఆదివారం పొద్దున కదిలేలా ప్లాన్ వెయ్. అప్పుడు వాళ్లు ఏ గంటకి పెట్టినా నీకు టెన్షన్ ఉండదు. "శనివారం వెళ్లి రాత్రికే తిరిగొచ్చేద్దాం" అనేవాడు ప్రతి గ్యాంగ్‌లో ఒకడు ఉంటాడు. అతనికి లెక్క చెప్పు: 6:30 ఆట పది దాటాక అయిపోతుంది, పార్కింగ్‌లోంచి బయటపడేసరికి పదకొండున్నర, అక్కణ్నుంచి హ్యూస్టన్‌కి నాలుగున్నర గంటలు.

టికెట్లు: మన యూనివర్సిటీకి వచ్చే కోటా, మన క్రీడలకి విరాళాలు సేకరించే ట్వెల్త్ మ్యాన్ ఫౌండేషన్ ద్వారా వెళ్తుంది, విరాళాలు ఎక్కువ ఇచ్చినవాళ్లకి ముందు అవకాశం, కాబట్టి నీలాంటి నాలాంటి వాళ్లం రీసేల్ సైట్ల మీద పడాల్సిందే. పన్నెండు సీట్లు ఒకే వరసలో కావాలని పట్టుబట్టకు. నాలుగేసి చొప్పున మూడు ముక్కలుగా కొను, ధరలో బోలెడు తేడా వస్తుంది. అరవాలనుకునేవాళ్లు నలుగురు ఒకచోట, పిల్లలున్నవాళ్లు నడవ పక్కన ఇంకోచోట, అదే హాయి. సీజన్ మధ్యలో రెండు జట్లలో ఒకటి వరసగా ఓడితే ధరలు జారిపోతాయి, రెండూ ర్యాంకుల్లో ఉంటే ఆకాశంలో ఉంటాయి. నేను సగం ముందే కొని సగం ఆ వారం కొంటాను, జూదమే, ఒప్పుకుంటున్నా. టికెట్లన్నీ ఫోన్‌లోనే ఉంటాయి కదా, ఎవరివి వాళ్లకి శుక్రవారమే ట్రాన్స్‌ఫర్ చేసెయ్, వాళ్ల ఫోన్ వాలెట్‌లోకి దింపుకున్నారో లేదో స్క్రీన్‌షాట్ అడుగు. 2021లో ఐదుగురివి నా ఫోన్‌లోనే ఉంచుకున్నా, గేటు దగ్గరికొచ్చేసరికి బ్యాటరీ రెండు శాతం, లక్షమంది ఒకేసారి వాడుతుంటే నెట్ కదలదు, తెల్లచక్రం తిరుగుతూనే ఉంది. మొదటి క్వార్టర్ సగం బయటే అయిపోయింది. మా బావమరిది ఇప్పటికీ ఆ మాటే ఎత్తుతాడు.

బండ్లు. పన్నెండు సీట్ల వ్యాన్ ఒకటి అద్దెకి తీసుకుందామని ఎవరో ఒకరు అంటారు. వద్దు. రెండు మినీవ్యాన్లు తీసుకెళ్లు. చంటిపిల్ల ఏడిస్తే, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే, ఒక బండి మూడో క్వార్టర్‌లోనే ఇంటికి వెళ్లిపోవచ్చు, మిగతావాళ్ల ఆట చెడదు.

దారి మొత్తం ఐ-10 హైవే మీదే, సుమారు 270 మైళ్లు. బేటౌన్‌లో బకీస్ పెట్రోల్ బంకు దగ్గర ఆగు, ఆ తర్వాత అంత శుభ్రమైన బాత్‌రూమ్ మళ్లీ దొరకదు. బ్యూమాంట్ దాటి లూసియానాలోకి వెళ్లాక క్రౌలీ చుట్టుపక్కల చూడు, రోడ్డుకి అటూఇటూ వరి పొలాలు, కోత అయ్యాక నీళ్లు పెట్టి వాటిలోనే క్రాఫిష్ (రొయ్యల్లాంటి మంచినీటి జీవులు) పెంచుతారు. మా ఆవిడది భీమవరం వైపు, మొదటిసారి చూసినప్పుడు "ఇక్కడా మన రొయ్యల చెరువులేనా" అంది. అచాఫలాయా వంతెన మీద 60 దాటకు, మధ్యలో దిగడానికి ఒకటి రెండు చోట్లే ఉంటాయి, ప్రమాదం జరిగితే గంటలు గంటలు అక్కడే. ఎక్కేముందే లఫాయెట్‌లో మ్యాప్ చూడు. వంతెన ఎర్రగా కనబడితే ఐ-49 మీద ఓపెలూసాస్ దాకా పైకి వెళ్లి, అక్కణ్నుంచి యూఎస్ 190 పట్టుకుని వెళ్లిపో. ఆ దారి మిసిసిపీ నదిని పాత వంతెన మీద దాటిస్తుంది. ఐ-10 కొత్త వంతెన దిగగానే లేన్లు కుంచించుకుపోయి బండ్లన్నీ ఇరుక్కునే చోటు కూడా దాంతో తప్పిపోతుంది. శుక్రవారం సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర మధ్య కొత్త వంతెన దగ్గరికి చేరకుండా చూసుకుంటే చాలు.

తిండి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ల ట్రిప్పుల్లో సగం గొడవలు అక్కడే. కాలేజీ ఫుట్‌బాల్ శనివారం ఆడతారు. మన ఇళ్లల్లో శనివారం వెంకటేశ్వరస్వామి వారం, నీచు ముట్టనివాళ్లు పన్నెండు మందిలో ముగ్గురైనా ఉంటారు. పైగా సీజన్‌లో కొంత భాగం కార్తీకమాసంలో పడుతుంది. 2025లో మేం వెళ్లిన అక్టోబర్ 25 శనివారమే కాదు, నాగుల చవితి కూడా. మా గ్యాంగ్‌లో ఇద్దరు ఆడవాళ్లు ఉపవాసం, తెల్లవారుజామున ఆ అద్దె ఇంట్లోనే స్నానాలు చేసి, పటానికి దండం పెట్టుకుని, చిమ్మిలి చేసి జిప్‌లాక్ కవర్లో వేసుకుని వచ్చారు. మరి లూసియానా వంటంటే ఏంటి? గంబో అనే పులుసులో రొయ్యలో కోడో సాసేజో ఉంటుంది, జంబలాయా అనే అన్నంలో పంది మాంసం, శాకాహారం అనిపించే రెడ్ బీన్స్‌లో కూడా హ్యామ్ వేసి ఉడికిస్తారు. అడక్కుండా తినకూడదు. అందుకే ఇంటినుంచి పులిహోర, చపాతీలు, పెరుగు, ఆవకాయ తీసుకెళ్లు. పులిహోర రెండో రోజుకీ నిలబడుతుంది. శుక్రవారం సాయంత్రం కిచెన్‌లో రైస్ కుక్కర్ పెట్టేస్తే శనివారం పొద్దుటికి సగం పని అయిపోయినట్టే.

అలాగని మాంసం తినేవాళ్లని కట్టడి చేయకు, ఆ తిండి కోసమైనా అక్కడికి వెళ్లాలి. 2025లో మేం మన జట్టు రంగు మెరూన్ చొక్కాలు వేసుకుని టెయిల్‌గేట్ల మధ్యనుంచి నడుస్తుంటే ప్రతి టెంట్ దగ్గరా "టైగర్ బెయిట్! టైగర్ బెయిట్!" అని అరుపులు, అంటే పులికి ఎర అని, ఎల్‌ఎస్‌యూ జట్టు పేరు టైగర్స్ కదా. పిల్లలు బెదిరిపోయారు. ఒకచోట ఆరడుగుల పెద్దాయన, గాడిపొయ్యి మీద పెళ్లి వంటకి పెట్టినంత ఇనప బానలో, పడవ తెడ్డులాంటి గరిటెతో జంబలాయా కలుపుతున్నాడు. అడుగున పట్టిన మాడుని కూడా గీరి గీరి కలుపుతున్నాడు, అదే రుచట. ఆయనా అందరికంటే గట్టిగా అదే కేక వేశాడు, మరుక్షణం పేపర్ ప్లేట్లు తీసి మా అందరికీ వడ్డించడం మొదలెట్టాడు. మాలో తిననివాళ్లు ఉన్నారని చెప్తే పక్క టెంట్‌కి వెళ్లి కార్న్‌బ్రెడ్ తెచ్చిచ్చాడు. మా వాళ్లు బదులుగా చిమ్మిలి ఇచ్చారు. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలి, "దీంట్లో ఏముంది" అని అడిగాడు. నువ్వులు, బెల్లం అంటే నమ్మలేదు. అరుపులకి అరుపులతో జవాబు చెప్పకు, నవ్వి చెయ్యి ఊపు, అక్కడ మర్యాద అలాగే నడుస్తుంది. రాత్రి తాగినవాళ్ల మధ్య మాత్రం ఆగకుండా నడిచిపో.

స్టేడియంలో 102,321 మంది పడతారు. అంతమందిలో తప్పిపోతే ఫోన్లు పనిచేయవు, కాబట్టి ముందే ఒక చోటు అనుకోండి. మేం మైక్ దగ్గర అనుకుంటాం, అంటే ఎల్‌ఎస్‌యూ వాళ్ల నిజం పులి, స్టేడియం ఎదురుగా పెద్ద ఆవరణలో ఉంటుంది. ఇప్పుడున్నది ఏడో మైక్, 2017లో వచ్చింది. పిల్లలకి ఆట కంటే అదే గుర్తుంటుంది, పగటిపూట చూపించెయ్. బ్యాగులు పారదర్శకంగా ఉండాలి, 12 బై 6 బై 12 అంగుళాలకి మించకూడదు, మామూలు హ్యాండ్‌బ్యాగ్ అయితే అరచేతిలో ఇమిడేంత పర్సు మాత్రమే. మన ఆడవాళ్ల బ్యాగులు గేటు దగ్గర వెనక్కి పంపేస్తే బండి దాకా మళ్లీ అరగంట నడక, ఈ ఒక్క మాట గ్రూపులో మూడుసార్లు చెప్పు. గొడుగు రానివ్వరు, చవక రెయిన్‌కోట్లు పెట్టుకోండి.

ఇక మీ అత్తామామలు. తీసుకురా, కానీ అడిగి తీసుకురా. 1988లో ఆబర్న్ మీద ఎల్‌ఎస్‌యూ గెలిచినప్పుడు జనం చేసిన గోలకి క్యాంపస్‌లో భూకంపాలు కొలిచే యంత్రం మీద గీత పడింది, అలాంటి చోటది. మొదటి గంట సరదాగా ఉంటుంది, మూడో గంటకి పెద్దవాళ్లకి చెవులు, నడుము రెండూ పోతాయి, చాలా సీట్లు వీపు ఆనని బెంచీలే, మెట్లు నిటారుగా ఉంటాయి, ముందువాళ్లు నిలబడితే వీళ్లూ నిలబడాల్సిందే. మా నాన్నగారిని 2023లో తీసుకెళ్లాం. ఆయన బ్యాండ్ కవాతు చూసి ముచ్చటపడ్డారు, ఆట మాత్రం "ఒక్క నిమిషం ఆడి ఐదు నిమిషాలు ఆగుతారేంట్రా" అని హాఫ్‌టైమ్‌కే లేచారు. అందుకే పెద్దవాళ్లకి టికెట్ కొనకుండా టెయిల్‌గేట్, బ్యాండ్, పులి చూపించి, ఎవరో ఒకరు ఇంటికి తీసుకెళ్లి టీవీలో పెట్టేస్తే వాళ్లకీ సుఖం, నీకూ సుఖం. రెండు బండ్లు అన్నది ఇందుక్కూడా. పిల్లలకి చెవులు మూసే హెడ్‌ఫోన్లు తప్పనిసరి.

ఆట అయిపోయాక బండి దగ్గరికి పరిగెత్తకు. 2025లో హాఫ్‌టైమ్‌కి 18-14తో వెనకబడి ఉన్నాం, మా వెనక వరసవాళ్లు మా తలల మీదుగా అరుస్తూనే ఉన్నారు. మూడో క్వార్టర్‌లో మనవాళ్లు వరసగా 21 పాయింట్లు కొట్టేసరికి చుట్టూ ఎల్‌ఎస్‌యూ వాళ్ల ఊదా రంగు చొక్కాలు మెల్లగా మెట్లెక్కి వెళ్లిపోవడం మొదలైంది. 49-25. ఆ ఊళ్లో మన జట్టు గెలవడం 1994 తర్వాత అదే మొదటిసారి, మర్నాడే వాళ్ల కోచ్ బ్రయన్ కెల్లీ ఉద్యోగం కూడా పోయింది. సగం ఖాళీ అయిన స్టేడియంలో ఒక మూల మనవాళ్లు చేతులు కలుపుకుని ఊగుతుంటే గంటసేపు కదలాలనిపించలేదు, తీరా బయటికొచ్చేసరికి ట్రాఫిక్ కూడా సగం తగ్గింది. ఓడినా అదే చెయ్, టెంట్ల దగ్గర కూర్చుని మిగిలిన పులిహోర తిను. డ్రైవర్లు ఇద్దరూ ఆ రోజు మందు ముట్టకూడదు, వాళ్ల పేర్లు శుక్రవారమే ఖాయం చెయ్, శనివారం మధ్యాహ్నం అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

ఆదివారం పొద్దున బెన్యేలు (నూనెలో వేయించిన పిండి వంటకం) తినండి, మైసూర్ బోండా మీద పంచదార పొడి గుమ్మరించినట్టుంటాయి, నల్లచొక్కా వేసుకెళ్లొద్దు. తినేవాళ్లుంటే లఫాయెట్ దాటగానే స్కాట్ అనే ఊళ్లో బూడాన్ (అన్నం, మాంసం కూరిన సాసేజ్) కోసం ఆగండి. రెండింటికల్లా ఇంట్లో ఉంటారు.

డబ్బులు వసూలయ్యాక ఎంతమంది తేలారో ఇక్కడే రాయి, దాన్నిబట్టి ఇల్లు ఏ వైపు వెతకాలో చెప్తా. పెద్ద కూలర్ నా దగ్గర ఒకటుంది, హ్యూస్టన్ పక్కన మా కేటీ వైపు వచ్చినప్పుడు తీసుకెళ్లు. పోయినసారి తీసుకెళ్లినవాళ్లు చేపల వాసనతో తెచ్చిచ్చారు, నువ్వు కడిగి తీసుకురా.